దశబంధం నుండి దత్తత వరకు: బెంగళూరు చెరువుల పోషణ కథ

గత సంవత్సరం పరిసర విజ్ఞాన పాఠం నిమిత్తం ఏడవ తరగతి పిల్లలను నగర శివారులోని ఒక చెరువుకు తీసుకొని వెళ్ళాము. గట్టు మీద చక్కని నడకదారి, అక్కడక్కడ రాతి బల్లలు, నీటి అంచున కొంగలు, నీటికోళ్ళు. ద్వారం దగ్గర నల్లరాతి ఫలకం మీద ఒక పెద్ద వ్యాపారసంస్థ పేరు బంగారు వన్నె అక్షరాలలో చెక్కి ఉంది. ఆ పక్కనే రేకుల గూటిలో వయసు మళ్ళిన కాపలాదారు ఒకరు కూర్చొని ఉన్నారు. "మేడమ్, ఈ చెరువు ఆ కంపెనీవాళ్ళదా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. కాదు, ప్రభుత్వానిది అన్నాను. "మరి ఈ తాతగారికి జీతం ఎవరిస్తారు?" అని వెంటనే రెండవ ప్రశ్న వేశాడు. మొదటిదానికి నేను జవాబు చెప్పగలిగాను గాని, రెండవదానికి కాపలాదారునే అడగవలసి వచ్చింది. మొన్నటి మార్చి దాకా ఫలకం మీద పేరున్నవారే ఇచ్చేవారట. వారి గడువు తీరిపోయింది గనుక ఇప్పుడు చుట్టుపక్కల ఇండ్లవారు చందా వేసుకొని ఇస్తున్నారట.

చెరువు కాచేవానికి జీతం ఎవరివ్వాలన్న ప్రశ్న ఈనాటిది కాదు. తెలుగు, కన్నడ దేశాలలో ఆ ప్రశ్నకు కొన్ని వందల ఏండ్ల చరిత్ర ఉంది. మన పాఠశాల తొలితరం తల్లిదండ్రులలో చాలామంది కోలారు, చిత్తూరు, అనంతపురం సీమల నుండి, అంటే చెరువుల మీదనే బ్రతికిన ఊళ్ళ నుండి, ఇక్కడికి వచ్చినవారు. వారి మనుమలకూ మునిమనుమలకూ ఈ కథ కొంతైనా తెలియాలన్న ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

సప్తసంతానాలలో తటాకం ఒకటని మనవారు చెప్పుకున్నారు. కొడుకును కనడం, గుడి కట్టించడం, వనం వేయించడం, కృతి నందడం ఎలాంటివో చెరువు త్రవ్వించడం అలాంటిదే. త్రవ్వించినవాని పేరు నిలుస్తుంది. ఈ కీర్తికాంక్షను నేను తప్పుపట్టడం లేదు. అది లేకపోతే రాయలసీమలో ఇన్ని చెరువులు ఉండేవే కావు. కడప జిల్లా పోరుమామిళ్ళలో శక సంవత్సరం 1291, అనగా క్రీస్తుశకం 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని అతనికే మరొక పేరు, అక్కడ చెరువు కట్టించి ఆ శాసనం వేయించాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాల పని అని లెక్క సహితంగా అందులో చెప్పారు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడ వివరించారు. ఆ దోషాలలో ఒకటి చదివినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండరాదట. ఈ నాటి బెంగళూరులో ఒక్కొక్క చెరువు మీద రెవిన్యూ శాఖ, అటవీ శాఖ, నగరపాలిక, జలమండలి, మత్స్యశాఖ తలా ఒక అధికారం కలిగి ఉన్న సంగతి ఆ శాసనకర్తకు తెలిసివుంటే ఏమనేవాడో!

కట్టించడం ఒక ఎత్తు. ఆ తరువాత వంద, రెండువందల ఏండ్లు కాపాడడం మరొక ఎత్తు. పూడిక తీయాలి, తూములు చూడాలి, వానకాలంలో గట్టు మీద రాత్రింబగళ్ళు కాపలా ఉండాలి, గండి పడితే ఊరంతా పరుగెత్తాలి. వీటికి కీర్తి లేదు, ఖర్చు మాత్రం ఉంది. దీనిని పూర్వులు గ్రహించారు. దశబంధం అనే ఏర్పాటు ఆ గ్రహింపులోనుండే పుట్టింది. చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి దాని ఆయకట్టులో కొంత భూమిని లేదా రాబడిలో కొంత పాలును ఈనాముగా ఇచ్చేవారు. పదవ వంతు అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. కన్నడ దేశంలో దీనికి కట్టుకొడగె అని పేరు. ఈ ఈనాములు ఊరక ఇచ్చినవి కావు. చెరువును మరామత్తులో ఉంచినంత కాలమే అనుభవం. షరతు తప్పితే భూమిని తిరిగి తీసుకోవచ్చునన్న నియమాన్ని తరువాతి మద్రాసు ప్రభుత్వం కూడ పాటించింది.

ఇందులోని తెలివిని గమనించాలి. పోషణకు కావలసిన ధనం చెరువు క్రిందనే పండుతుంది. చెరువు నిండితే ఈనాముదారు గింజలు కళ్ళజూస్తాడు, ఎండితే అతనికీ ఎండే. దాత ఆసక్తి, చెరువు క్షేమం ఒకే త్రాట కట్టి ఉన్నాయి. తిరుమల దేవస్థానంలో విజయనగర కాలంలో జరిగిందీ దాదాపు ఇలాంటిదే. భక్తులు స్వామివారి పేర సమర్పించిన ద్రవ్యాన్ని దేవస్థానం గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించడానికి వినియోగించి, హెచ్చిన పంట రాబడి నుండి ఆ దాత పేర నిత్యం నైవేద్యం జరిపించినట్లు అక్కడి శాసనాలు చెబుతున్నాయి. బర్టన్ స్టైన్ అనే చరిత్రకారుడు ఈ శాసనాలను 1960లలోనే పరిశీలించి వ్రాశాడు. దానం ఒక్కసారి ఇచ్చినదే, ఫలం మాత్రం ఏటేటా వచ్చేది.

ఇక తూము దగ్గర నిలబడి ఎవరి మడికి ఎంత నీరు వదలాలో చూసే మనిషి ఉండేవాడు. కోలారు సీమలో అతడు నీరుగంటి, తెలంగాణంలో నీరటి. పంట నూర్చిన కళ్ళం దగ్గర రైతులందరూ కొలిచి ఇచ్చే ధాన్యమే అతని జీతం. ఈ వ్యవస్థను బంగారంగా వర్ణించేవారితో నేను ఏకీభవించను. నీరుగంటి పని వంశపారంపర్యం, అది చాలా ఊళ్ళలో దళితుల మీదనే పడింది. రాత్రి గట్టు మీద ప్రాణాలొడ్డి కాచినవానికి పగలు అదే నీటిని ముట్టే హక్కు ఉండేది కాదు. అయినా, గట్టు మీద మనిషి లేకుండా చెరువు నిలవదన్న సంగతిని ఆ కాలం మరచిపోలేదు. అతని కూలిని ఊరి లెక్కలలో మొదటనే వ్రాసుకున్నారు.

బెంగళూరు కోటను కెంపేగౌడ కట్టించినది 1537లో. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి మొదలైన చెరువులు కోట చుట్టూ వెలిశాయి. ఈ ఊరికి పెద్ద నది లేదు. ఎత్తుపల్లాల నేల గనుక ఒక చెరువు నిండి పొర్లితే ఆ నీరు కాలువ ద్వారా దిగువ చెరువుకు చేరేటట్లు గొలుసుకట్టుగా కట్టారు. ఆ కాలువనే ఇక్కడివారు రాజకాలువె అంటారు. మైసూరు రాజ్యంలో ఇంజనీరుగా పనిచేసిన సాంకీ దొర 1866లో ఇక్కడి చెరువులను చూసి, ఇంత విశాలమైన దేశంలో కొత్త చెరువుకు చోటు వెదకడమే కష్టమన్న భావం వ్రాశాడు. అయినా 1882లో తానే ఒక చెరువు కట్టించాడు. సదాశివనగరు పక్కన ఆయన పేరుతోనే అది నేటికీ ఉంది.

పందొమ్మిదవ శతాబ్దంలో చెరువుల మరామత్తు పబ్లిక్ వర్క్స్ శాఖ చేతికి పోయింది. శాఖ లెక్కలో పెద్ద పనులకు పద్దు ఉంటుంది, తూము దగ్గరి మనిషికి ఉండదు. ఊరివారు మాది కాదని చేతులు దులుపుకున్నారు, శాఖవారికి ఇన్ని వేల చెరువులను చూసే బలగం లేదు. తరువాత నగరానికి గొట్టపు నీరు వచ్చింది. 1890లలో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్ళి, 1974లో కావేరి. కుళాయి తిప్పితే నీరు వచ్చిన ఇంటికి చెరువు అక్కరలేదు. అప్పటిదాకా అన్నం పెట్టిన చెరువు దోమల గుంట అయింది, ఆ పిమ్మట ఇండ్ల స్థలమయింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఈనాడు చెరువుగట్టును మనం విహారస్థలంగా, ఆటవిడుపుగా చూస్తున్నాము. కాని ఒకప్పుడు ఆటల కోసమే చెరువులను పూడ్చారు. సంపంగి చెరువు కంఠీరవ క్రీడాంగణమయింది. అక్కితిమ్మనహళ్ళి చెరువు హాకీ మైదానమయింది. 1997 జాతీయ క్రీడల కోసం కట్టిన క్రీడాకారుల నివాసాలు కోరమంగల చెరువు పరపులో లేచాయి. ధర్మాంబుధి చోట మనం ఊళ్ళకు పోవడానికి బస్సు ఎక్కుతున్నాము. సంపంగి చెరువులో మిగిలిన చిన్న కొలను మాత్రం ఇప్పటికీ కరగ ఉత్సవం వేళ తిగళ కులస్థుల పూజలు అందుకుంటూ ఉంది. ఒక చిన్న కొలను మిగలడానికి కూడ ఎవరో ఒకరు ఏటేటా దాని దగ్గరికి రావలసి ఉంటుందని దీనివలన నాకు తోచింది.

1980ల నడుమ ఎన్. లక్ష్మణరావుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం, మిగిలిన చెరువులనైనా కాపాడాలని ప్రభుత్వానికి నివేదించింది. 2002లో చెరువుల అభివృద్ధికి ప్రత్యేక ప్రాధికారం ఏర్పడింది. దాని దగ్గర ధనం తక్కువ, చెరువులు ఎక్కువ. అందుచేత ప్రైవేటు సంస్థలను పిలిచారు. హెబ్బాళ చెరువు ఒక హోటళ్ళ సంస్థకు, నాగవార చెరువు ఒక వినోదోద్యాన సంస్థకు, అగర, వెంగయ్యనకెరె చెరువులు మరి రెండు సంస్థలకు దీర్ఘకాలం గుత్తకు పోయాయి. బాగుచేసి, పడవలు, ఫలహారశాలలు పెట్టుకొని రాబడి తీసుకోవచ్చునన్నది ఏర్పాటు. నాగవారలో లోనికి పోవాలంటే రుసుము చెల్లించవలసి వచ్చింది. అంతవరకు గడ్డి కోసుకున్నవారు, బట్టలుతికినవారు, వల వేసినవారు కంచె బయట నిలబడ్డారు.

ఈ గుత్తలను ప్రశ్నిస్తూ ఎన్విరాన్‌మెంట్ సపోర్ట్ గ్రూప్ అనే సంస్థ 2008లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానంలో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. న్యాయస్థానం న్యాయమూర్తి ఎన్.కె. పాటిల్ గారి అధ్యక్షతన సంఘాన్ని నియమించి, దాని నివేదికను పరిశీలించి, 2012 ఏప్రిల్‌లో తుది ఆదేశాలు ఇచ్చింది. చెరువు ప్రజల ఉమ్మడి సొత్తు అన్న మాట అప్పటినుండి ఈ నగరంలో గట్టిగా వినబడింది.

ఆ వ్యాజ్యం నడుస్తూ ఉండగానే మరొక దారి కూడ తెరుచుకుంది. జయప్రకాశ్ నగరు ఏడవ ఘట్టంలో పుట్టేనహళ్ళి అనే చిన్న చెరువుంది, సుమారు 13 ఎకరాలు. ఎండి, చెత్తకుప్పగా మారుతున్న ఆ చెరువును చూసి ఊరుకోలేక చుట్టుపక్కల నివాసులు, ముఖ్యంగా కొందరు గృహిణులు, 2010లో ఒక ట్రస్టుగా కూడుకున్నారు. 2011లో మహానగర పాలికెతో ఒప్పందం చేసుకొని చెరువు ఆలనాపాలన తమ మీద వేసుకున్నారు. ఈ నగరంలో ఒక పౌరసంఘం అలా ఒక చెరువు బాధ్యతను పత్రపూర్వకంగా స్వీకరించడం అదే మొదటిసారి. లాభం వారిది కాదు, ప్రవేశ రుసుము లేదు. నడవడానికి వచ్చేవారిచ్చే విరాళాలు, కొన్ని సంస్థలిచ్చే ధనం, మిగిలినది తమ శ్రమ. ఆ చెరువుకు వాన తప్ప వేరే ఆధారం లేకపోగా, పక్కనున్న పెద్ద నివాస సముదాయంలో శుద్ధి చేసిన నీటిని జమ్ముమడుల గుండా వడకట్టి చెరువులోకి మళ్ళించే ఏర్పాటు చేసుకున్నారు.

సర్జాపుర రోడ్డు దగ్గరి కైకొండ్రహళ్ళి చెరువు కథ మరికొంత పెద్దది. 48 ఎకరాలు. 2009లో మొదలై 2011 నాటికి పాలికె దానిని పునరుద్ధరించింది. కాని పని మొదలు కాకముందే చుట్టుపక్కల నివాసులు, పర్యావరణ శాస్త్రజ్ఞులు అధికారులతో కూర్చొని నక్షా చర్చించారు. అందువలన ఆ చెరువులో పశువులకు గడ్డి కోసుకొనేవారికి చోటు మిగిలింది. వినాయక నిమజ్జనానికి ప్రత్యేకంగా కల్యాణి కట్టారు, కనుక రంగులు పెద్దనీటిలో కలవవు. చెరువును ఆనుకొని ప్రభుత్వ పాఠశాల ఉంది, దాని పిల్లలనూ దృష్టిలో ఉంచుకున్నారు. ఉపాధ్యాయురాలిని గనుక ఈ వివరం నాకు ప్రియమైనది. తరువాతి సంరక్షణను ఒక పౌరసమితి చేపట్టగా, అదే రోడ్డులో ప్రధాన కార్యాలయం గల విప్రో సంస్థ చేయూతనిచ్చింది. ఆచార్య హరిణి నాగేంద్ర 2016లో ప్రకటించిన నగరప్రకృతి చరిత్రలో ఇటువంటి చెరువుల వృత్తాంతం వివరంగా ఉంది. ఆంగ్లం చదవగలిగిన పూర్వవిద్యార్థులు తప్పక చదవాలి.

ఉత్తరాన జక్కూరు చెరువు దాదాపు 160 ఎకరాలది. దాని ఎగువన రోజుకు కోటి లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం ఉంది. శుద్ధమైన నీరు మానవనిర్మితమైన జమ్ముమడుగు గుండా పారి చెరువులో పడుతుంది. అక్కడ జాలరులు ఇంకా చేపలు పడతారు, పక్షులను చూడడానికి వచ్చేవారు వస్తారు, ఒక పౌరసంఘం వీరందరి మధ్య నిలబడి చెరువును చూసుకుంటున్నది.

ఈ స్వచ్ఛంద సేవకులు చేసే పని ఏమిటో పైనుంచి చూసినవారికి తెలియదు. ఆదివారం తొడుగులు వేసుకొని ప్లాస్టిక్ సంచులు ఏరడం అందులో వందవ వంతు. గుర్రపుడెక్క ఒక మూల కనిపించిన వారంలోనే తీయించకపోతే ఆరు నెలలకు చెరువంతా కప్పేస్తుంది. ఎగువన ఎవరో రాత్రివేళ మురుగు లారీని కాలువలో వదులుతారు, దాని సంఖ్య వ్రాసుకొని పోలీసు స్టేషనుకు, జలమండలికి, పాలికెకు మూడు చోట్ల ఫిర్యాదు వ్రాయాలి. లోపలికి వచ్చే కాలువకు అడ్డంగా ఉన్న ఇనుప జాలిని ప్రతి వాన తరువాత శుభ్రం చేయించాలి. పక్షుల లెక్క పెట్టాలి, చేపలు తేలితే నీటి నమూనా పంపాలి, తోటమాలికి జ్వరం వస్తే మరొకరిని వెదకాలి. వీరిలో చాలామంది ఉద్యోగాలు విరమించినవారు, గృహిణులు. తాము ఉచితంగా చేస్తారు గాని, ఇద్దరు కాపలాదారులు, ముగ్గురు తోటపనివారు ఉచితంగా చేయలేరు, చేయకూడదు. నెల తిరిగేసరికి వారికి జీతం అందాలి.

ఇక్కడనే సంస్థల ధనం ప్రసక్తి వస్తుంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ విభాగం 2014 ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1000 కోట్ల వ్యాపారం, లేదా 5 కోట్ల నికరలాభం గల సంస్థలు, గడచిన మూడేండ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక కార్యాలకు వెచ్చించాలి. పర్యావరణ రక్షణ ఆ కార్యాల పట్టికలో ఉంది. తమ స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడ చట్టం చెప్పింది. బెంగళూరు వంటి చోట దీని ఫలితం ఊహించుకోవచ్చును. అద్దాల మేడలెక్కడ ఎక్కువో అక్కడి చెరువులకు దాతలు కుదిరారు. మేడలు లేని వైపు చెరువులు ఎదురుచూశాయి. మన పూర్వీకుల కోలారు చెరువుల సంగతి చెప్పనే అక్కరలేదు.

నేను ఈ చట్టానికి విరోధిని కాను. అది రాకముందు చెరువుకు ధనం కావాలంటే ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కడం తప్ప దారి లేదు. పూడికతీత, కంచె, జమ్ముమడుగుల నిర్మాణం వంటి లక్షల ఖర్చు పనులు ఈ ధనంతోనే అనేక చోట్ల జరిగాయి. కాని దశబంధం పక్కన దీనిని నిలబెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్లు కనబడుతుంది. 2021లో సవరించిన నియమాల ప్రకారం, కొనసాగే పథకం అన్నది మొదలైన సంవత్సరం కాక మూడు సంవత్సరాలకు మించరాదు. పరిపాలన ఖర్చు 5 శాతానికి మించరాదు. ఈ నియమాలు దుర్వినియోగాన్ని ఆపడానికే పెట్టినవి, వాటిలో న్యాయముంది. అయితే చెరువు నాలుగవ ఏట అంతరించదు. నాలుగవ ఏటి గుర్రపుడెక్కకు ఏ పద్దు లేదు. సంస్థ తన నివేదికలో చూపడానికి ఛాయాచిత్రం తీయదగిన పని కావాలి. ద్వారం, ఫలకం, నడకదారి, బల్ల ఛాయాచిత్రంలో పడతాయి. కాపలాదారు నిద్రపోకుండా గడిపిన రాత్రి పడదు.

ఒక జూన్ 5న జరిగిన సంగతి చెబుతాను. ఒక సంస్థవారు మా పిల్లలను కూడ పిలిచి ఒక చెరువుగట్టు మీద మొక్కలు నాటించారు. టోపీలు, బిస్కట్ పొట్లాలు ఇచ్చారు, పిల్లలు సంతోషించారు. నేను నాటిన మొక్క పక్కన గుర్తుగా ఒక రాయి పెట్టి వచ్చాను. మరుసటి వేసవిలో వెళ్ళి చూస్తే రాయి ఉంది. నీళ్ళు పోయడానికి మనిషిని పెట్టే ఏర్పాటు ఆ కార్యక్రమంలో లేదని తరువాత తెలిసింది. మనం మాత్రం వేరేగా ఉన్నామా? మన పాఠశాలకు గదులు కట్టించిన దాతల పేర్లు గోడల మీద ఉన్నాయి, వారికి మనం ఋణపడి ఉన్నాము. నీళ్ళ తొట్టి కడిగించడానికి, మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆమె జీతానికి దాతను వెదకడం మాత్రం ఈ నా ఉద్యోగకాలంలో నాకు అన్నింటికంటె కష్టమైన పని.

మన పూర్వవిద్యార్థులలో కొందరు అటువంటి సంస్థలలో పెద్ద పదవులలో ఉన్నారు. ఈ ధనం ఎక్కడికి పోవాలో నిర్ణయించే గదులలో కూర్చునేవారూ ఉన్నారని విన్నాను. చెరువు పేర పత్రం వ్రాసేటప్పుడు ఫలకం ఖర్చు ముందు కాపలాదారు జీతం పంక్తి వ్రాయమని వారిని అడుగుతున్నాను. వీలైతే సంఘానికి మూలనిధిగా ఇచ్చి దాని వడ్డీతో జీతాలు సాగే దారి చట్టపరిధిలో ఉన్నదేమో విచారించమని కూడ అడుగుతున్నాను. తిరుమల శాసనాలలోని దాతలు ఆరువందల ఏండ్ల క్రిందటనే ఆ దారి ఎరుగుదురు.

సేవకులూ దాతలూ కలిసినా చేయలేనిది ఒకటుంది. చెరువులు గొలుసు గనుక పైచెరువు శుభ్రత క్రిందిదానికి చాలదు. కైకొండ్రహళ్ళి నుండి నీరు సౌళకెరె మీదుగా బెళ్ళందూరు చేరుతుంది. సుమారు 900 ఎకరాల బెళ్ళందూరు చెరువులోకి నగరపు మురుగు ఏండ్ల తరబడి చేరి, నురుగు రోడ్ల మీదికి ఎగసింది. 2017 ఫిబ్రవరి 16న ఆ చెరువులో మంటలు లేచి పొగ ఊరంతా కమ్మింది. 2018 జనవరిలో మళ్ళీ అంటుకుంటే ఆర్పడానికి సైనికులు రావలసి వచ్చింది. నీరు మండడం మన పురాణాలలో బడబాగ్ని పేర విన్నాము, ఇక్కడ కళ్ళారా చూశాము. మురుగు శుద్ధి ప్రభుత్వం చేయవలసిన పని. ఏ ట్రస్టు, ఏ సంస్థ విరాళం దానికి బదులు కాలేదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

2020లో ఉన్నత న్యాయస్థానం చెరువుల విషయమై వ్యాపారసంస్థలతో ఒప్పందాలకు కళ్ళెం వేసింది. చెరువు మీద ప్రైవేటు పెత్తనం రాకూడదన్నది దాని ఆంతర్యం, హెబ్బాళ, నాగవార అనుభవం తరువాత అది సహజమే. కాని దాని నీడ పౌరసంఘాల ఒప్పందాల మీద కూడ పడింది. గడువు తీరిన పత్రాలు తిరిగి వ్రాయడం ఆగిపోగా, పత్రం లేని సంఘానికి విరాళమివ్వడానికి సంస్థలు వెనుకాడాయి. అయినా సంఘాలవారు గట్టు దిగిపోలేదు. అధికారం లేకపోయినా ఉదయాన్నే వచ్చి జాలి శుభ్రం చేయించినవారు ఉన్నారు. ఇంతలో 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె స్థానంలో ఐదు నగరపాలికలు ఏర్పడ్డాయి. ఏ చెరువు ఎవరి వంతుకు వచ్చిందో, ఏ అధికారికి అర్జీ వ్రాయాలో సేవకులు మళ్ళీ మొదటినుండి తెలుసుకోవలసి వచ్చింది. రెండు రాజ్యాల సరిహద్దు దోషాన్ని గురించి పోరుమామిళ్ళ శాసనం చెప్పిన మాట మరొకసారి గుర్తుకు వచ్చింది.

మా పిల్లవాడు రెండు ప్రశ్నలడిగిన చెరువు దగ్గరి నివాసులు ఇప్పుడు మరొక సంస్థకు అర్జీ పెట్టుకున్నారు. ఇద్దరు కాపలాదారులకు మూడేండ్ల జీతం కోరారు, ద్వారం గాని ఫలకం గాని అడగలేదు. జవాబు కోసం చూస్తున్నారు. అంతదాకా ఇంటింటి చందా సాగుతూనే ఉంది. సంక్రాంతి తరువాత, వలస పక్షులు ఉండగానే, ఈ ఏటి ఏడవ తరగతివారిని అక్కడికి తీసుకొని వెళ్ళాలని అనుకుంటున్నాము.